పెరటి అరుగుకు ఎంతవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇల్లు కట్టుకున్నవాళ్లు రెండు మూడేళ్లకు మళ్లీ మేస్త్రీని పిలిచే పని ఒకటుంది. వెనక తలుపు తీయగానే మట్టిలో కాలు పెట్టకుండా, సాయంత్రం నాలుగు కుర్చీలు వేసుకోవడానికి, ఎండాకాలం వడియాలు పెట్టుకోవడానికి, పిల్లలు ఆడుకోవడానికి ఒక అరుగు కావాలనిపిస్తుంది. ఈమధ్య దాన్నే డెక్ అంటున్నారు. మా ఇంట్లో ఈ అరుగు రెండుసార్లు వేయించాల్సి వచ్చింది. మొదటిసారి ఎందుకు పాడైందో కింద చెప్తాను. రెండోసారి ప్రతి బస్తా, ప్రతి ట్రక్కు రాసుకున్నాను. ఆ తర్వాత బంధువులకు, ఇరుగుపొరుగుకు అంచనాలు రాసిస్తూ వచ్చాను. వాళ్లు అడిగిన ప్రశ్నలే ఇవి.

చదరపు అడుగుకు ఎంతవుతుందో ఒక్క మాటలో చెప్పగలరా?

చెప్పినా ఆ మాట మీకు పనికిరాదు. ఇంటి స్లాబుకు, లోపలి టైల్స్‌కు చదరపు అడుగు లెక్క సరిపోతుంది, ఎందుకంటే అక్కడ కింద ఏముందో ముందే తెలుసు. అరుగు అలా కాదు. ఒకే 120 చదరపు అడుగుల అరుగు అడుగు ఎత్తులో ఒక ధర, మూడడుగుల ఎత్తులో ఇంకో ధర. ఇసుక నేలలో ఒక లెక్క, నల్లరేగడిలో ఇంకో లెక్క. పైన పరిచే రాయి ధర అందరూ అడుగుతారు. కింద పోసే గ్రావెల్ (మొరం) ఎన్ని ట్రక్కులు, ఎన్ని పొరలు అని అడిగినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. అంచనా తప్పేది ఎప్పుడూ అక్కడే. అందుకే ముందు పరిమాణాలు కట్టండి, తర్వాత మీ ఊరి ధరతో గుణించండి, ఆఖరున వచ్చిన మొత్తాన్ని చదరపు అడుగులతో భాగించండి. మేస్త్రీ చెప్పిన రేటుతో పోల్చి చూడటానికి మాత్రమే ఆ అంకె వాడుకోండి.

కొలతలు ఎలా తీసుకోవాలి? టేపు ఒక్కటే చాలా?

టేపుతో పాటు లెవెల్ ట్యూబు, అంటే నీళ్లు నింపి మట్టం చూసే గొట్టం, కావాలి. పొడవు, వెడల్పు ఎవరైనా కొలుస్తారు, ఎత్తు దగ్గరే పొరపాటు జరుగుతుంది. వెనక గుమ్మం నుంచి కిందికి కొలవడం మొదలుపెట్టండి. అరుగు పైమట్టం గుమ్మానికి కనీసం నాలుగు నుంచి ఆరంగుళాలు దిగువన ఉండాలి. తుపాను వానలో గాలి నీళ్లను ఇంటివైపే తోస్తుంది. గుమ్మంతో సమానంగా వేస్తే చూడ్డానికి బాగుంటుంది కానీ నవంబరులో వంటింట్లోకి నీళ్లొస్తాయి.

తర్వాత పెరడు ఎటు వాలి ఉందో చూడండి. ఇంటి దగ్గర అడుగున్నర ఎత్తు కావాల్సిన అరుగు, పదడుగులు అవతల రెండడుగులు కావాల్సి రావచ్చు. నాలుగు మూలల్లో నాలుగు ఎత్తులు రాసుకుని సగటు తీయండి. వాటం కూడా ఇప్పుడే నిర్ణయించుకోవాలి. పదడుగుల వెడల్పుకు ఒకటిన్నర అంగుళం వాలు ఉంటే నీళ్లు నిలవవు, కుర్చీ వంగినట్టూ ఉండదు.

ఇంకొకటి, పెరట్లోకి ట్రాక్టర్ వస్తుందా? పక్క సందు మూడడుగులే అయితే ఇసుక, కంకర, గ్రావెల్ అన్నీ వీధిలో దించి గంపలతో మోయాలి. ఆ కూలీ ఏ రేటులోనూ కనపడదు, బిల్లులో మాత్రం కనపడుతుంది.

ఒక పూర్తి లెక్క చూపిస్తారా?

12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు అరుగు అనుకుందాం. ఒక వైపు ఇల్లు, మిగతా మూడు వైపులా గోడ. నేల గట్టి నేల. దిగడానికి నాలుగడుగుల వెడల్పున రెండు మెట్లు.

ముందు పునాది. మూడు వైపులా కలిపి 32 అడుగుల గోతి, అడుగున్నర వెడల్పు, 16 అంగుళాల లోతు. అడుగున నాలుగంగుళాల 1:4:8 (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) కాంక్రీటు వేస్తే 16 ఘనపుటడుగులు. దీనికి బస్తాన్నర సిమెంటు, 8 ఘనపుటడుగుల ఇసుక, 15 ఘనపుటడుగుల కంకర.

దాని మీద తొమ్మిదంగుళాల ఇటుక గోడ. నేలలో ఒక అడుగు, పైన పదకొండు అంగుళాలు, కాబట్టి రెండడుగులు అనుకోండి. 32ను ముప్పావు అడుగుతో, రెండడుగులతో గుణిస్తే 48 ఘనపుటడుగులు. ఇటుక సైజు ఊరికో రకం కాబట్టి మీ దగ్గర దొరికేది కొలిచి చూసుకోండి. మాలుతో కలిపి 9 x 4½ x 3 అంగుళాలు పట్టే ఇటుక అయితే ఘనపుటడుగుకు 14 చొప్పున 672. మెట్లకు ఇంకో 85. విరిగేవి కలుపుకుని 850 తెప్పించండి. గోడకు, మెట్లకు కలిపి మూడు బస్తాల సిమెంటు, 18 ఘనపుటడుగుల ఇసుక.

లోపల నింపాల్సిన జాగా, గోడల మందం తీసేస్తే 97 చదరపు అడుగులు. పదకొండు అంగుళాల ఎత్తుకు 89 ఘనపుటడుగులు. కానీ ఇది దిమ్మిస (మట్టిని అదిమే బరువైన సాధనం) కొట్టాక మిగిలే కొలత. వదులుగా వచ్చే గ్రావెల్ దిమ్మిస కింద అణుగుతుంది, అందుకని ముప్పై శాతం దాకా ఎక్కువ వేసుకోవాలి. అంటే 115 ఘనపుటడుగులు.

దాని మీద 120 చదరపు అడుగుల మేర నాలుగంగుళాల 1:3:6 బెడ్ కాంక్రీటు, 40 ఘనపుటడుగులు. ఐదు బస్తాల సిమెంటు, 19 ఘనపుటడుగుల ఇసుక, 37 ఘనపుటడుగుల కంకర. దానిపైన రాయి కిందికి రెండంగుళాల 1:6 మాలు. మూడు బస్తాలు, 22 ఘనపుటడుగుల ఇసుక. బయటి పూతకు ఒక బస్తా, రాళ్ల సందులు నింపే పాయింటింగ్‌కు ఇంకొకటి. రాయి 120, మెట్లకు 14, కోతలో పోయేది పది శాతం. 150 చదరపు అడుగులు తెప్పిస్తే మళ్లీ పరుగెత్తాల్సిన పని ఉండదు.

వృథాతో సహా మొత్తం కలిపితే సిమెంటు 16 బస్తాలు, ఇసుక 80 ఘనపుటడుగులు, అంటే ఒక యూనిట్ (వంద ఘనపుటడుగులు) కంటే తక్కువే. కంకర 55 ఘనపుటడుగులు, ఇటుకలు 850, గ్రావెల్ 115 ఘనపుటడుగులు, రాయి 150 చదరపు అడుగులు.

ఇప్పుడు ధరలు. ఇవి లెక్క చూపించడానికి నేను పెట్టుకున్నవి. వీటి పక్కన మీ ఊరి ధర రాసుకోండి.

సిమెంటు 16 బస్తాలు, బస్తా 350 చొప్పున: 5,600
ఇటుకలు 850, ఒక్కోటి 8 రూపాయలు: 6,800
ఇసుక ఒక యూనిట్, ఇంటికి చేర్చి: 4,000
కంకర: 2,500
గ్రావెల్ రెండు ట్రక్కులు: 2,400
కడప బండ 150 చదరపు అడుగులు, 50 చొప్పున: 7,500
మేస్త్రీ 7 రోజులు, రోజుకు 1,000: 7,000
కూలీలు మొత్తం 16 దినాలు, దినానికి 700: 11,200

కూడితే 47,000. దీనికి పది శాతం చేతిలో ఉంచుకుంటే 51,700. చదరపు అడుగుకు 430 రూపాయల దగ్గర పడుతుంది. ఒకసారి రాయి ధర చూడండి, మొత్తంలో ఆరో వంతు కూడా లేదు. రాయి మార్చి ఖర్చు సగం చేద్దామనుకునేవాళ్లు ఈ వరస ఒకసారి చదవాలి.

అదే అరుగు మూడడుగుల ఎత్తుకు పెంచితే?

వైశాల్యం అదే, రాయి అదే, బెడ్ కాంక్రీటు అదే. కానీ గోడకు 36 ఘనపుటడుగులు పెరుగుతుంది, ఇటుకలు ఇంకో 530 కావాలి. నింపడానికి వదులు గ్రావెల్ 190 ఘనపుటడుగులు, అంటే ఇంకో మూడు ట్రక్కులు. సిమెంటు రెండు బస్తాలు, మేస్త్రీకి ఒక రోజు, కూలీలకు నాలుగు దినాలు. పై ధరలతోనే కడితే 12,000 దాటుతుంది, అదనపు మెట్లు కాక. చదరపు అడుగుకు వంద రూపాయలు పెరిగినట్టే.

పైగా ఆ ఎత్తులో లోపలి మట్టి తడిసినప్పుడు గోడను బయటికి నెడుతుంది. తొమ్మిదంగుళాల గోడ అక్కడ చాలదు. పదమూడున్నర అంగుళాలు పెట్టించడమో, ఇంజనీరుకు చూపించడమో చేయాలి. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో రెయిలింగ్ తప్పనిసరి. ఆ ఖర్చు రన్నింగ్ అడుగుల్లో (పొడవు లెక్కన) వేరే వేసుకోండి. నన్నడిగితే, అంత ఎత్తు అవసరమైన చోట రెండు మట్టాలుగా చేసుకోమంటాను. గుమ్మం ముందు చిన్న ఎత్తు అరుగు, రెండు మెట్లు దిగాక పెద్ద అరుగు. వాడుకోవడానికీ అదే హాయి.

లోపల నింపడానికి ఏ మట్టైనా పోయొచ్చా?

పోయకూడదు. మా మొదటి అరుగు పాడైంది ఇక్కడే. చెరువు మట్టి చౌకగా వస్తుందని, పని ఒప్పుకున్న మనిషి రెండు ట్రక్కులు తెచ్చి ఒకేసారి పోయించాడు. దిమ్మిస పైపైన కొట్టారు. వేసవిలో రాయి పరిచినప్పుడు అద్దంలా ఉంది. 2021 నవంబరులో, పెన్నకు వరద వచ్చిన ఆ వానల్లో, కింద మట్టి నాని కుంగింది. డిసెంబరులో ఎండ కాసేసరికి మధ్యలో రాళ్లు అడుగున డొల్లయ్యాయి. కర్రతో తడితే కుండ మోగినట్టు మోగేవి. మా అమ్మ అక్కడే కాలు జారి పడింది. పెద్ద దెబ్బ తగల్లేదు. కానీ ఆ రోజు నుంచి అరుగు అంటే ముందు కింద ఏముంది అనే అడుగుతున్నాను.

గ్రావెల్ వాడండి. ఆరంగుళాల పొర పోసి, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టి, తర్వాతి పొర పోయించండి. అడుగు ఎత్తుకు రెండు పొరలు. వీలైతే ఒక రోజు నీళ్లు పట్టి వదిలేయండి. కొట్టుడు బాగుంటే మడమతో గట్టిగా అదిమినా గుంట పడదు. కట్టుబడిలో మిగిలిన ఇటుక ముక్కలు అడుగు పొరలో వేసుకోవచ్చు, మధ్యలో ఖాళీలు లేకుండా ఇసుకతో నింపాలి. చెక్క ముక్కలు, గోనెలు, చెట్ల వేళ్లు మాత్రం ఒక్కటి కూడా ఉండకూడదు. అవి కుళ్లితే ఖాళీ మిగులుతుంది, చెదలూ అక్కడే మొదలవుతాయి.

మాది నల్లరేగడి నేల. ఏమైనా మారుతుందా?

చాలా మారుతుంది. ఒంగోలు చుట్టుపక్కల నల్లనేల ఉన్నవాళ్లకు ఇది తెలిసిందే. ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. ఆ కదలిక అరుగును ఎత్తి దించుతుంది. గోతి ఇంకొంచెం లోతు తీసి, అడుగున ఇసుక పొర వేసి, దాని మీద కాంక్రీటు వేయించండి. లోపల కూడా నల్లమట్టి అడుగు మందాన తీసేసి గ్రావెల్ పోయాలి. దీనికి తవ్వకం కూలీ, ఇసుక, ఇంకో రెండు ట్రక్కుల గ్రావెల్ అదనం. తీసిన మట్టి ఎక్కడ పోయాలో కూడా అనుకోండి, బయటికి తోలాలంటే దానికీ కిరాయి ఉంటుంది.

ఏ నేల అయినా అరుగును ఇంటి గోడతో కలిపి కట్టొద్దు. ఇల్లు ఎప్పుడో కుదురుకుంది, అరుగు ఇప్పుడు కుదురుకోవాలి. మధ్యలో అరంగుళం థర్మాకోల్ షీటు పెట్టి పైన సీలెంటుతో మూయించండి. మట్టి ఆనుకునే మేర ఇంటి బేస్‌మట్టం గోడకు నీరు పట్టని పూత వేయించాలి. లేకపోతే ఆరు నెలల్లో లోపలి గదిలో చెమ్మ కనిపిస్తుంది.

పైన ఏ రాయి మంచిది?

మన ప్రాంతానికి ఈ విషయంలో లోటు లేదు.

కడప బండ అందరికీ తెలిసినదే. చౌక, గట్టిది, కాలికి హాయిగా ఉంటుంది. అయితే అది సున్నపురాయి జాతి. బాత్రూం యాసిడ్ పడినా, నిమ్మరసం, చింతపండు పులుసు పడి ఉండిపోయినా మెరుపు పోయి తెల్లటి మరక మిగులుతుంది. ఊరగాయ పనులన్నీ పెరట్లో చేసుకునే ఇల్లయితే పాలిష్ చేసిన బండ వద్దు, మామూలు గరుకు బండ తీసుకోండి. అంగుళానికి తగ్గని మందం చూసుకోండి. నాలుగు రాళ్లు తీసి అంచుల దగ్గర కొలవండి, ఒకే లాటులో ముప్పావు అంగుళంవీ ఒకటిన్నర అంగుళంవీ కలిసి వస్తాయి. మందం తేడా అంతా మాలుతో సర్దాలి, అంటే సిమెంటు పెరుగుతుంది.

మార్కాపురం పలక మనందరికీ బడి పలకగానే తెలుసు. పొరలు పొరలుగా విడిపోయే ఆ రాయి పైభాగం సహజంగా గరుకుగా ఉంటుంది, తడిలో కాలు జారదు. అరుగుకు నాకు బాగా నచ్చిన రాయి ఇదే. పలచటి పలక అయితే కింద మాలు ఎక్కడా ఖాళీ లేకుండా నిండాలి, లేకపోతే కుర్చీ కాలి కింద పగులుతుంది. పరిచే మేస్త్రీకి ఇంతకు ముందు చేసిన అలవాటు ఉండాలి, కూలీ కొంచెం ఎక్కువ పెట్టుకోండి.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ నల్లరాతిలో మెరిసే చుక్కలతో ఎంత అందంగా ఉంటుందో చెప్పక్కర్లేదు. కానీ నున్నగా పాలిష్ చేసినది పెరట్లో వేయొద్దు. మే నెల ఎండకు కాలు పెట్టలేరు, వానకు నిలబడలేరు. గ్రానైటే కావాలంటే మంటతో గరుకు చేసిన ఫినిష్ అడగండి. పాలిషింగ్ యూనిట్ల దగ్గర మిగిలిన ముక్కలు దొరికితే అడ్డదిడ్డం పరుపు వేయించుకోవచ్చు. రాయి ఖర్చు బాగా తగ్గుతుంది, పరిచే కూలీ, పాయింటింగ్ సిమెంటు పెరుగుతాయి. రెండూ కూడి చూసుకోండి.

చెక్క డెక్, డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన బోర్డు) డెక్ అంటున్నారు. వాటికి ఎంత?

లెక్క పూర్తిగా వేరు. అదే 12 x 10 కొలతకు కింద ఇనుప ఫ్రేము కావాలి. రెండంగుళాల చదరపు పైపు, రెండు మిల్లీమీటర్ల మందం, అడుగుకు 920 గ్రాములు తూగుతుంది. 16 అంగుళాలకు ఒకటి చొప్పున 12 అడుగుల పైపులు తొమ్మిది, రెండు అంచులు, తొమ్మిది కాళ్లు కలిపితే 142 అడుగులు, 130 కిలోలు. వెల్డింగు, పెయింటుతో కలిపి కిలో 110 అనుకుంటే 14,300. పైన డబ్ల్యూపీసీ బోర్డు, వృథాతో 132 చదరపు అడుగులు, 250 అనుకుంటే 33,000. ఈ రెండే 47,300. కాళ్ల కింద సిమెంటు దిమ్మెలు, స్క్రూలు, బోర్డులు బిగించే కూలీ ఇంకా కలపలేదు.

చెక్క అయితే ఘనపుటడుగుల్లో కొనాలి. అంగుళం మందం చెక్క 120 చదరపు అడుగులంటే పది ఘనపుటడుగులు, చిత్రిక పట్టడంలో, కోతలో పోయేది కలిపి పన్నెండు. చేవ ఉన్న టేకు లాంటిది కాకపోతే వానకు, చెదలకు ఆగదు. ఏటా నూనె పట్టించాలి. సరుగుడు మన తీరంలో విరివిగా పండుతుంది కానీ పందిరి గుంజలకు బాగుంటుంది, పాదం మోపే పలకకు కాదు.

డబ్ల్యూపీసీకి చెదలు భయం తక్కువ. ఎండకు మాత్రం బాగా వేడెక్కుతుంది, వేడికి సాగుతుంది, అందుకే బోర్డుల మధ్య సందు వదలాలి. ఇంత ఖర్చు పెట్టి ఎప్పుడు వేయించుకోమంటానంటే, నల్లరేగడి నేల ఉండి, ఎత్తు ఎక్కువై, గ్రావెల్ తోలడానికి దారి లేనప్పుడు. అక్కడ ఫ్రేము నిజంగానే కలిసొస్తుంది. నీడ లేని పెరట్లో మాత్రం వద్దు.

మేం సముద్రం దగ్గర ఉంటాం. ఇంకేం చూసుకోవాలి?

మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల ఉప్పుగాలికి మామూలు ఇనుము నిలవదు. ఫ్రేము, రెయిలింగ్ పెట్టేట్టయితే జింకు పూత ఉన్న గాల్వనైజ్డ్ పైపు, స్టెయిన్‌లెస్ స్క్రూలు అంచనాలోనే రాసుకోండి. వెల్డింగు చేసిన చోట ఆ పూత కాలిపోతుంది, అక్కడ జింకు పెయింటు రెండు కోట్లు వేయాలి. సముద్రపు ఇసుక పైసా లేకుండా దొరికినా మాలులో కలపొద్దు. బోరునీళ్లు ఉప్పగా ఉంటే కలపడానికి, తడపడానికి మంచినీళ్ల ట్యాంకరు తెప్పించండి. ఉప్పునీళ్లతో తడిపిన అరుగు మీద తెల్లటి పొర పూస్తూనే ఉంటుంది. ట్యాంకరు కిరాయి చిన్న మొత్తమే కానీ ఎవరూ అంచనాలో రాయరు.

ఇసుక ఉచితం కదా, దానికి డబ్బు ఎందుకు వేశారు?

రాష్ట్రంలో ఉచిత ఇసుక విధానం 2024 జులై 8న మొదలైంది. ఇసుకకు ధర లేదు కానీ ఎత్తడానికి, తోలడానికి ఖర్చు ఉంటుంది. పెన్న ఒడ్డున ఉన్న ఊరికీ, నదికి దూరంగా ఉన్న ఊరికీ కిరాయిలో చాలా తేడా ఉంటుంది. కాబట్టి ఇసుక రేటు అని కాకుండా "మా ఇంటి ముందు దించేసరికి ఎంత" అని అడగండి.

ట్రక్కు కొలత కూడా చూసుకోండి. యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు. తొట్టి పొడవు, వెడల్పు, ఇసుక ఎత్తు అడుగుల్లో కొలిచి గుణిస్తే ఎంత వచ్చిందో అక్కడికక్కడే తెలుస్తుంది. మొహమాటపడకండి. తడి ఇసుక పొంగి ఎక్కువగా కనిపిస్తుంది, ఆరాక తగ్గుతుంది.

సిమెంటుకు పాత కొటేషన్ ఉంటే మళ్లీ అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ ముందు రాయించుకున్న అంచనాలో పాత ధరే ఉండొచ్చు.

పని గుత్తకి ఇవ్వాలా, రోజుకూలికా?

పరిమాణాలు మీ చేతిలో ఉంటే కూలీ వరకు గుత్తకి ఇచ్చి, సరుకు మీరే తెప్పించడం మంచిది. సరుకుతో కలిపి గుత్తకి ఇస్తే మొదట తగ్గేది మనకు కనపడనిదే, అంటే గ్రావెల్, దిమ్మిస, బెడ్ కాంక్రీటు మందం. రోజుకూలికి ఇస్తే పని నాణ్యంగా వస్తుంది కానీ ఎవరో ఒకరు రోజంతా దగ్గరుండాలి.

మాట ఎలా కుదిరినా ఒక కాగితం మీద ఇవి రాయించుకోండి: గోతి లోతు, గోడ మందం, గ్రావెల్ ఎన్ని పొరలు, కాంక్రీటు ఎన్ని అంగుళాలు, వాటం ఎటు, మెట్లు లెక్కలో ఉన్నాయా లేవా. మెట్లు, పూత, పాయింటింగ్ దగ్గరే ఆఖర్లో మాట తేడా వస్తుంది. "అవి వేరే అనుకున్నాం కదన్నా" అని మేస్త్రీ అంటాడు, "అన్నీ కలిపే కదా" అని మనం అంటాం. ఇద్దరిదీ తప్పు కాదు, ముందు రాసుకోకపోవడమే తప్పు.

ఏ నెలల్లో వేయించుకోవాలి?

సంక్రాంతి వెళ్లాక, మార్చి లోపు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. గోతి తవ్వగానే వాన పడితే గోడలు కూలి పని రెండింతలవుతుంది. మే నెలలో కాంక్రీటు తడి త్వరగా ఆరిపోతుంది, గోనెలు పరిచి రోజుకు నాలుగుసార్లు తడపాలి. నీళ్ల ఎద్దడి ఉన్న ఊళ్లో అది టెన్షన్.

అనుమతి కావాలా?

కప్పు లేని అరుగుకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. పైన రేకులో, స్లాబో వేయాలనుకుంటే మాత్రం ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా లెక్కలోకి వస్తుంది. పట్నంలో అయితే వార్డు ప్లానింగ్ కార్యదర్శిని, ఊళ్లో అయితే గ్రామ ఇంజనీరింగ్ అసిస్టెంటును ముందే అడగండి. సెప్టిక్ ట్యాంకు మూత, డ్రైనేజీ చాంబర్లు అరుగు కింద పడకుండా చూసుకోండి. తప్పనిసరిగా పడితే ఆ చోట తీసి పెట్టుకునే బండ పెట్టించండి.

డబ్బు సరిపోకపోతే ఎక్కడ తగ్గించుకోవచ్చు?

వైశాల్యంలో తగ్గించండి, మందంలో కాదు. 12 x 10 బదులు 10 x 8 వేస్తే 80 చదరపు అడుగులే. నలుగురు కూర్చోవడానికి అది చాలు. లేదా ఇప్పటికి బెడ్ కాంక్రీటు వరకు వాటంతో వేసి, పైన గచ్చు చేసి ఆపేయండి. రాయి వచ్చే ఏడాది పరచొచ్చు. దానికి గుమ్మం దగ్గర మూడంగుళాలు అదనంగా వదలాలి, ఈ మాట మేస్త్రీకి మొదటే చెప్పాలి. గ్రావెల్ పొర, దిమ్మిస, తడపడం, ఈ మూడింట్లో మాత్రం రూపాయి కూడా తగ్గించొద్దు.

మేస్త్రీకి ఆఖరి డబ్బు ఎప్పుడివ్వాలి?

బెడ్ కాంక్రీటు వారం రోజులు తడిగా ఉండాలి. రాయి పరిచాక, పాయింటింగ్ అయ్యాక ఇంకో వారం. ఆ తర్వాత మేస్త్రీని పిలిచి, ఆయన ముందే ఇంటి గోడ వైపు నుంచి నాలుగు బకెట్ల నీళ్లు పోయండి. నీళ్లు ఎక్కడైనా మడుగు కట్టి నిలిస్తే సుద్దముక్కతో గీత గీయండి. తర్వాత చిన్న కర్ర తీసుకుని ప్రతి రాయి మధ్యలోనూ, నాలుగు మూలలా తట్టండి. డొల్లగా మోగిన వాటికీ గుర్తు పెట్టండి. ఆ రాళ్లు ఎత్తి మళ్లీ పరిచాకే, కూలీలో ఆపి ఉంచిన పది శాతం చేతిలో పెట్టండి. మంచి మేస్త్రీ ఎవరూ దీనికి నొచ్చుకోరు. మా రెండో అరుగు వేసిన ఆయన కర్ర తనే తెచ్చుకున్నాడు.